మారిషస్‌లో తెలుగు అధికార భాషేనా?

కాదు, మారిషస్‌లో తెలుగుకు గుర్తింపు ఉంది, బడుల్లో నేర్పుతారు, కానీ అది అధికార భాష కాదు. అసలు ఆ దేశ రాజ్యాంగం దేశమంతటికీ ఒక అధికార భాషను ప్రకటించనే లేదు. 49వ సెక్షన్ పార్లమెంటుకే పరిమితం: సభ భాష ఇంగ్లీషు, సభ్యులు ఫ్రెంచిలోనూ మాట్లాడవచ్చు. ఇళ్లలో, వీధుల్లో ఎక్కువగా వినిపించేది క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష.

ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఈ ద్వీపాన్ని 1810లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. తర్వాత చెరకు తోటల్లో పనికి బీహార్, తమిళ, తెలుగు, మరాఠీ ప్రాంతాల నుంచి కూలీలను తెచ్చారు. వాళ్ల వారసులు క్రమంగా క్రియోల్‌కు మారారు. తాతల భాషను మాత్రం బడిలో ఐచ్ఛిక సబ్జెక్టుగా నిలుపుకున్నారు. ఇన్ని వర్గాలున్నచోట ఒక భాషను పైకి ఎత్తితే రెండోవాళ్లు ఊరుకోరు. 1998లో కొత్త కరెన్సీ నోట్లపై తమిళ అక్షరాలను హిందీ కిందికి జరిపితే తమిళుల నుంచి పెద్ద నిరసన వచ్చింది; చివరికి ఆ నోట్లనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ నోట్లపై తెలుగు లేనే లేదు, అది వేరే సంగతి.

ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి. అందుకే చాలామంది తెలుగును అధికార భాష అనుకుంటారు. సెలవు పండగకు ఇచ్చింది, ఆఫీసు ఫైళ్లకు దాంతో సంబంధం లేదు.