అతిమధురం పొడి వాడితే టెస్టోస్టిరాన్ తగ్గుతుందా?

అసిడిటీకి రోజూ అతిమధురం పొడి వాడుతున్నానని, అది మగ హార్మోన్‌ని తగ్గిస్తుందని చదివి భయపడ్డానని, పిల్లల కోసం చూస్తున్నాం కాబట్టి మానేయాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండీ. ఆ పొడితోనే దెబ్బ తిన్నవాణ్ని.

జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. రోజుకు ఐదారు క్లాసులు, సాయంత్రానికి గొంతు బొంగురు. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మ అతిమధురం వేరుముక్క బుగ్గన పెట్టేది. ఆ నమ్మకంతో పావుకిలో పొడి తెచ్చి, పొద్దునొక చెంచా, రాత్రొక చెంచా తేనెలో రంగరించి నాకేవాణ్ని. గొంతుకు హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు. రెండు నెలలు తిరిగేసరికి సాయంత్రం చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చు లోతుగా పడి ఉండేది. మెట్లెక్కితే పిక్కలు పట్టేసేవి. చూపించుకుంటే బీపీ 160/100, రక్తంలో పొటాషియం 2.9, ఉండాల్సినదానికన్నా తక్కువ. "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టరుగారు అడిగితే "ఏమీ లేవండీ" అన్నాను. పోపులపెట్టె పక్కన ఉండేదాన్ని మందని ఎవరనుకుంటారు! మా ఆవిడ "ఆ పొడి సంగతి చెప్పరేం?" అనేదాకా నాకు తట్టనే లేదు.

అతిమధురానికి ఆ తీపినిచ్చేది గ్లైసిరైజిన్. మూత్రపిండాల్లో ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్‌ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ ఒకటుంటుంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. దాంతో కార్టిసాల్ అక్కడ ఆల్డోస్టిరాన్ అనే, ఉప్పును నిలిపే హార్మోన్ చేసే పని మొదలుపెడుతుంది. ఉప్పూ నీళ్లూ ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది. నా వాపూ బీపీ అలా వచ్చినవే.

మీరడిగిన హార్మోన్ సంగతి 1999లో ఇటలీ నుంచి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు మగవాళ్లకు రోజుకు 7 గ్రాముల అతిమధురం ఇచ్చారు. అందులో గ్లైసిరైజిక్ ఆమ్లం (గ్లైసిరైజిన్‌కే ఇంకో పేరు) అర గ్రాము. టెస్టోస్టిరాన్ సగటున డెసిలీటరు రక్తానికి 740 నానోగ్రాముల నుంచి నాలుగో రోజుకు 414కి పడింది, మానేశాక మళ్లీ పైకొచ్చింది. టెస్టోస్టిరాన్ తయారీలో చివరి మెట్ల దగ్గరున్న ఎంజైములకు ఇది అడ్డుపడుతుందని వాళ్లన్నారు. తర్వాత ఇంకొకరు చేసి చూస్తే తగ్గుదల అంత కనబడలేదు. రెండూ చిన్న ప్రయోగాలే. ఏడుగురిని చూసి ఊరందరికీ తీర్పు చెప్పలేం. అలాగని కొట్టిపారేయడానికీ నాకు మనసొప్పదు. ఎందుకంటే చెంచాకు మూడు గ్రాములనుకున్నా, నేను నాకింది ఇంచుమించు ఆ మోతాదే.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. పొడి వాడుతుండగా 290, మానేసిన మూడు వారాలకు 455. దీన్ని మాత్రం రుజువుగా తీసుకోకండి. మొదటిసారి కాలేజీ అయ్యాక సాయంత్రం నాలుగింటికి రక్తమిచ్చాను, రెండోసారి పొద్దున ఎనిమిదింటికి. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువుండి సాయంత్రానికి మామూలుగానే తగ్గుతుందట. ఆ మాట ల్యాబ్ వాళ్లు ముందే చెప్పి ఉంటే నాకు వారం రోజుల నిద్ర మిగిలేది.

మీ మాటకొస్తే, నేనైతే మానేస్తాను. భయపడాల్సింది ముందు బీపీకి, ఆ తర్వాతే హార్మోన్‌కి. యూరప్‌లో గ్లైసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఎప్పుడో ఓ దగ్గుబిళ్ల చప్పరించడం వేరు, నెలల తరబడి చెంచాల లెక్కన మింగడం వేరు. బీపీ మాత్రలో, నీరు పోయే మాత్రలో వాడుతుంటే అసలు ముట్టుకోవద్దు. మీ ఆవిడకు నెల తప్పితే తనకీ పెట్టకండి. పొడి డబ్బాల మీద యష్టిమధు అని, హైదరాబాద్ కొట్లలో ములేఠీ అని ఉంటుంది. అన్నీ ఇదే. మానేశాక కూడా బీపీ దారికి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, నాకు నెల పట్టింది.

పిల్లల విషయంలో టెస్టోస్టిరాన్ అంకె పట్టుకుని కూర్చోకండి. ముందు వీర్యపరీక్ష చేయించుకోండి, డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లండి.