రెండో ప్రాధాన్యం వేస్తే మొదటివారికి నష్టమా?

ప్రశ్న: శాసనమండలి పట్టభద్రుల ఎన్నిక వచ్చినప్పుడల్లా కార్యకర్తలు ‘ఒకటి వేసి వదిలేయండి, రెండు వేస్తే మనవాడికే దెబ్బ’ అంటున్నారు. ఇది నిజమేనా? మొదటి ప్రాధాన్యంలో ముందున్నవారు చివరికి ఓడిపోవడం ఎలా సాధ్యం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజం కాదు. ఈ ఎన్నికలో అభ్యర్థుల పేర్ల ఎదుట మన ఇష్టం వరుసలో 1, 2, 3 అని ప్రాధాన్య అంకెలు వేస్తాం. మీరు ‘1’ వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపు మీ బ్యాలెట్‌పై ‘2’ ఎవరికి ఉందో అధికారులు లెక్కలోకే తీసుకోరు. ఆ అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాకే అది పనికొస్తుంది. అందువల్ల రెండో ప్రాధాన్యం వేయకపోవడం వల్ల మీ అభ్యర్థికి ఒరిగేదేమీ లేదు. ఆయన తప్పుకున్నాక మిగిలినవారిలో ఎవరు గెలవాలో చెప్పే హక్కును మాత్రం మీరు వదులుకున్నట్లే.

ఒక్క స్థానానికి జరిగే ఈ ఎన్నికలో చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, ఒకటి కలిపితే వచ్చేదే గెలుపు కోటా. చెల్లిన ఓట్లు 1,000 అనుకుంటే కోటా 501. మొదటి లెక్కింపులో ‘అ’కు 420, ‘ఆ’కు 350, ‘ఇ’కి 230 వచ్చాయనుకుందాం. కోటా ఎవరికీ అందలేదు కాబట్టి అందరికంటే తక్కువ వచ్చిన ‘ఇ’ని తొలగించి, ఆ 230 బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యం చూస్తారు. వాటిలో 170 ‘ఆ’కు, 30 ‘అ’కు ఉండి, మిగతా 30 మంది ‘1’తోనే ఆపేశారనుకుంటే, ‘ఆ’ 520తో గెలుస్తారు, మొదట ముందున్న ‘అ’ 450 దగ్గరే ఆగిపోతారు. ఆపేసిన ఆ 30 ఓట్లు ఇక ఎవరికీ చెందవు.

అభ్యర్థులు ఎక్కువైతే ఈ తొలగింపు చాలాసేపు సాగుతుంది. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది, వరంగల్–ఖమ్మం–నల్గొండ స్థానంలో 71 మంది బరిలో నిలవడంతో లెక్కింపు రోజుల తరబడి జరిగింది.

నన్ను ఎక్కువగా బాధించేది చెల్లని ఓట్ల సంగతి. డిగ్రీ చదివినవారు కూడా పేరు ఎదుట టిక్కు పెట్టడం, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాయడం, ఇద్దరికి ‘1’ వేయడం, సంతకం చేయడం వంటి పొరపాట్లతో ఓటు పోగొట్టుకుంటున్నారు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్‌తోనే, అంకెల్లోనే రాయాలి. ‘1’ తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం.

మరో మాట. పట్టభద్రుల ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. గతసారి ఓటు వేశాం కదా అని ఊరుకుంటే ఈసారి పేరు ఉండదు. అర్హత తేదీ అయిన నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్లు నిండినవారు, ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే, ఫారం–18 ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.