స్కజీని తీసేసే ముందు ఆగు తల్లీ

చిరంజీవి శ్రావణికి, బాబాయి ఆశీస్సులు.

నీ లైనక్స్ కెర్నెల్‌ని, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, అందులో ఏ డ్రైవర్లు ఉండాలో ఎంచుకుని నువ్వే కాన్ఫిగర్ చేసుకుంటున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వంగా అనిపించిందో! "అక్కర్లేనివన్నీ తీసేస్తుందట" అన్న మరుక్షణం టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

సోర్స్ దించుకోవడం, కంపైల్ చేయడం నీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగ్‌నే కాపీ చేసుకుని మొదలుపెట్టు.

నా భయమంతా డిస్క్ డ్రైవర్ల దగ్గరే. మెనూలో "స్కజీ డిస్క్ సపోర్ట్" అని ఉంటుంది. స్కజీ అంటే డిస్కుల్ని కంప్యూటర్‌కి కలిపే ఒక పద్ధతి, సాటా ఇంకొకటి. మనది సాటా కదా, ఇదెందుకు అనిపిస్తుంది. కానీ లైనక్స్‌లో సాటా డిస్కుల్ని చూసుకునే లిబ్‌ఏటీఏ, ప్రతి డిస్కునీ స్కజీ డిస్కులాగే పై పొరకు అప్పగిస్తుంది. అక్కడ అందుకుని ఎస్‌డీఏ అని పేరు పెట్టేది ఈ స్కజీ డిస్క్ డ్రైవరే. పెన్‌డ్రైవ్‌లూ ఇదే దారిన వస్తాయి.

డిస్కుల పాత పేరు హెచ్‌డీఏ పోయి ఎస్‌డీఏ వస్తున్న రోజుల్లో మా ఆఫీసులో ఒక కుర్రాడు ఈ డ్రైవర్‌ని తీసేశాడు. చాలా తెలివైనవాడు. సాటాకి కావలసిన ఏటీఏ ఆప్షన్ ఆన్ చేస్తే స్కజీ కోర్, అంటే స్కజీకి మూలమైన భాగం, దానంతటదే ఆన్ అవడం చూసి, డిపెండెన్సీలన్నీ మెనూయే చూసుకుంటుందని నమ్మాడు. ఏటీఏ సెలెక్ట్ చేసేది కోర్‌ని మాత్రమే, డిస్క్ డ్రైవర్‌ని మనమే పెట్టుకోవాలి. రీబూట్ చేస్తే రూట్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే భాగం, మౌంట్ కాలేదు, "అన్‌నోన్ బ్లాక్ 0,0" అని ఆగిపోయింది. పైన చూస్తే సాటా లింక్ అప్ అని ఉంది, డిస్క్ మోడల్ పేరూ ఉంది. డ్రైవర్ బాగానే ఉంది కాబట్టి డిస్కే పోయిందనుకున్నాడు. కేబుల్ మార్చాడు, డిస్క్ మార్చాడు. పాత కెర్నెల్‌ని అప్పటికే చెరిపేశాడు. తెల్లవారాక లాగ్ వరసగా చదివితే, మోడల్ పేరు తర్వాత రావాల్సిన ఎస్‌డీఏ లైనే లేదు. ఆ పిల్లవాడి మొహం నాకింకా గుర్తే, ఏడుపొక్కటే తక్కువ. ఆ రాత్రి పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే అంత అవస్థ పడేవాడు కాదు. నీకలా కాకూడదమ్మా.

ఆ అంకెలు చదవడం నేర్చుకో. 0,0 వస్తే రూట్ డిస్క్ కెర్నెల్‌కి దొరకనే లేదు. 8,1 లాంటివి వస్తే డిస్క్ దొరికింది, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ సంగతి చూడాలి.

నీది ఎన్‌వీఎంఈ, అంటే సాటా కాకుండా నేరుగా పీసీఐ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ అయితే బూట్‌కి స్కజీతో పనిలేదు, ఎన్‌వీఎంఈ బ్లాక్ డ్రైవర్ ఉంటే చాలు. కాకపోతే కొన్ని ఇంటెల్ మెషీన్లలో ఆ డిస్క్ వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్ వెనక ఉంటుంది. అలా ఉంటే వీఎండీ డ్రైవర్ కూడా కావాలి.

ఇంకొకటి, మెనూలో డ్రైవర్‌కి ఎం పెట్టాలా వై పెట్టాలా అన్నది. ఎం అంటే విడి మాడ్యూల్ ఫైలుగా, వై అంటే కెర్నెల్ లోపలే. రూట్ డిస్క్ డ్రైవర్‌కి ఎం పెట్టి, బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా బూట్ చేస్తే, తాళం చెవిని పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టే. ఆ మాడ్యూల్ ఉండేది ఆ డిస్కులోనే కదా! స్కజీ డిస్క్ డ్రైవర్‌కి మెనూ వై పెట్టనివ్వకపోతే పైనున్న స్కజీ కోర్ ఎం అయి ఉంటుంది, ముందు దాన్ని వై చెయ్యి. ఏ ఆప్షనైనా కనిపించకపోతే స్లాష్ నొక్కి వెతుకు, దేనిమీద ఆధారపడిందో అక్కడే రాసి ఉంటుంది.

పాత కెర్నెల్‌ని మాత్రం, బూట్‌లో కెర్నెల్ ఎంచుకునే గ్రబ్ మెనూలోంచి తీయకు. కొత్తది ఒకసారి బూట్ అయినంత మాత్రాన తీసేస్తే ఊరుకోను. సస్పెండ్, వైఫై, పెన్‌డ్రైవ్ అన్నీ చూసుకున్నాకే ఆ మాట.

ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి కే ఆప్షన్ ఇస్తే స్టోరేజ్ కంట్రోలర్‌ని ఏ డ్రైవర్ నడుపుతోందో చూపిస్తుంది. ఆ అవుట్‌పుట్, నీ కాన్ఫిగ్ ఫైలు, రెండూ రీబూట్ చేసే ముందే నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, చూసి చెప్తాను.

మీ బాబాయి