తలా ఒక దారి చూపిస్తే ఎట్లా?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. పక్కింటి అవ్వ మనవడికి పన్నెండేళ్లు, అమ్మానాన్న ఇద్దరూ పోయారు. బడి మానేసి గ్రానైట్ పనికి పోతున్నాడు. టీచర్ గ్రామ సచివాలయానికి పొమ్మన్నారు, వాళ్లేమో అంగన్‌వాడీని అడగమన్నారు. ఎవరికి చెప్పాలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండమ్మా, డబ్బులేం పడవు. పద్నాలుగేళ్లలోపు పిల్లాణ్ణి పనిలో పెట్టుకోవడం నేరం, ఆ సంగతి కార్మిక శాఖ, పోలీసులు చూస్తారు. పిల్లాడు ఎక్కడ ఉండాలో తేల్చేది మాత్రం బాలల సంక్షేమ కమిటీ. హాస్టల్లో పడేస్తారని అవ్వకు టెన్షన్ ఉంటుంది కదా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అది ఆఖరి మార్గమే. అవ్వ దగ్గరే ఉంచి, ఇంటి రాబడి చూసి, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఇచ్చే వీలుంది, దానికి ఒంగోలులోని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించండి.

అసలు చిక్కేమిటంటే, బడి హాజరు టీచర్ దగ్గర, ఇంటి పరిస్థితి ఆశా కార్యకర్తకు తెలుసు, మరణ ధ్రువపత్రాలు పంచాయతీలో, ఎవరి ముక్క వాళ్ల దగ్గరే! సర్పంచ్‌ని గట్టిగా అడిగి అందరినీ ఒకచోట కూర్చోబెట్టించండి, ఏ పని ఎవరు ఏ తేదీలోపు చేస్తారో అక్కడే రాయించి సంతకాలు తీసుకోండి.