రేట్ల ఫైలు ఎక్కించే ముందు నూనె టిన్ను కాటా మీద పెట్టండి

“కర్రీ పాయింట్ పెడుతున్నాం. సుమారు 300 సరుకుల రేట్లు ఒక్కొక్కటీ టైపు చేయకుండా ఎక్సెల్ నుంచి ఒకేసారి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఏ కూరకు ఎంత పడుతుందో తెలుసుకోవచ్చా?” అని ఒకరు నన్ను అడిగారు.

ఎక్కించవచ్చు. మేము ఎక్కించాం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో నేనూ మా ఆయనా తొమ్మిదేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. ముహూర్తాల రోజుల్లో చిన్న చిన్న క్యాటరింగ్‌లు కూడా ఒప్పుకుంటాం. ఫైలు లోపలికి వెళ్ళడానికి రెండు నిమిషాలు చాలు. ఆ ఫైల్లో టిన్, బస్తా, కట్ట అని రాసిన చోట అసలు ఎన్ని గ్రాములున్నాయో తేల్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒక మంచి మనిషిని పోగొట్టుకోబోయాం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా మాస్టర్‌ది శ్రీకాకుళం వైపు. షాపు తెరిచిన రెండో నెల నుంచీ వంట ఆయనదే. లెక్కలన్నీ నోటు పుస్తకంలో ఉండేవి. మా తమ్ముడు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక ఆదివారం వచ్చి, “అక్కా, ఇంక ఈ పుస్తకాలు చాలు” అని బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. నేను చదువుతుంటే వాడు ఎక్సెల్‌లో కొట్టాడు. 280 సరుకులు అయ్యాయి. మాస్టర్ గరిటెతో పోసే నూనెను కూడా కూర కూరకూ తూచి గ్రాముల్లో రాసుకున్నాం. ఫైలు ఎక్కించగానే టమాటా పప్పు కప్పుకు ఇంత, గుత్తి వంకాయకు ఇంత అని తెర మీద వరసగా వచ్చేసరికి నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

నెల తిరిగేసరికి స్టాకు లెక్కలో నూనె 16 కిలోలు తగ్గింది. కొన్నది 12 టిన్నులు. అమ్మిన కూరలకు ఖర్చవ్వాల్సింది తీసేస్తే ఇంకా ఒక టిన్ను పైనే ఉండాలి. స్టోరు గదిలో చూస్తే ఖాళీ టిన్నులు తప్ప ఏమీ లేవు. మొదటి నెల కదా, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని ఊరుకున్నాం. రెండో నెలా దాదాపు అంతే తేడా. నూనె ఎవరి చేతిలో ఉంటుంది? మాస్టర్ చేతిలో. మా ఆయన నోరు తెరిచి ఒక్క మాట అనలేదు గానీ, స్టోరు తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నారు.

మనిషి మనసు విరగడానికి అంతకంటే ఏం కావాలి? ఆ రోజు మధ్యాహ్నం వంట దించాక మాస్టర్ చేతులు తుడుచుకుని నా ముందుకొచ్చి నిలబడ్డారు. “ఏటమ్మా, నూనె నేను పట్టుకెళ్ళిపోతున్నానని అనుకుంటున్నారా? చుక్క బయటికి పోలేదు. తప్పు ఉంటే మీ లెక్కలోనే ఉంటది, చూసుకోండి” అన్నారు. ఆయన గొంతు వణకడం తొమ్మిదేళ్ళలో అదొక్కసారే విన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొత్త టిన్ను వస్తే మూత తీయనివ్వకుండా కూరగాయలు తూచే కాటా మీద పెట్టించాను. 14 కిలోల 700 గ్రాములు. పక్కనే ఉన్న ఖాళీ టిన్ను పెట్టాను. కిలో 50 గ్రాములు. అంటే లోపల ఉన్న నూనె 13 కిలోల 650 గ్రాములు. అప్పుడు టిన్ను మీద అచ్చు చదివాం: 15 లీటర్లు. మా ఫైల్లో ఉన్నది 15 కిలోలు. సన్‌ఫ్లవర్ నూనె నీళ్ళలాగా లీటరుకు కిలో తూగదు, 910 గ్రాముల దగ్గర ఉంటుంది. ఇంతకుముందు నూనె తెచ్చుకున్న షాపులో మేము కొన్నవి 15 కిలోల టిన్నులు. తర్వాత పూర్ణా మార్కెట్‌లో ఇంకో షాపుకు మారాం, అక్కడ ఇచ్చేవి 15 లీటర్లవి. టిన్ను సైజూ అటూ ఇటూగా అదే, బిల్లులో మాటా అదే. ఫైల్లో పాత అంకె అలాగే ఉండిపోయింది. టిన్నుకు 1,350 గ్రాముల తేడా, 12 టిన్నులకు 16 కిలోల 200 గ్రాములు. మాయమైన నూనె మొత్తం అక్కడే దొరికింది.

స్టాకు ఒక్కటే కాదు, కూర ధర కూడా తప్పే చూపించింది. టిన్ను 1,950 రూపాయలకు కొన్నామనుకోండి, ఫైలు లెక్కలో కిలో 130. నిజంగా పడింది దాదాపు 143. వేపుళ్ళు, గారెలు ఎక్కువగా పోయే షాపుకు ఇది చిన్న తేడా కాదు.

మా ఆయన వంటవాళ్ళందరి ముందూ తాళంచెవి మాస్టర్ చేతిలో పెట్టి, తప్పు మాదని చెప్పారు.

ఆ తర్వాత నేను ఫైలు మొత్తం మళ్ళీ మొదటి నుంచి తూచాను. బియ్యం బస్తా 25 కిలోలని ఉంది. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మిల్లుల వాళ్ళు 26 కిలోల బస్తాలు దింపారు కదా, మాకు వచ్చేవి అవే. 1,430 రూపాయల బస్తాను 25తో భాగిస్తే కిలో 57 దాటుతుంది, 26తో భాగిస్తే సరిగ్గా 55. అన్నం మీద నష్టపోతున్నామని అన్నాళ్ళూ అనవసరంగా టెన్షన్ పడ్డాం. కోడిగుడ్ల రేటు పేపర్లో వందకు వేస్తారు, షాపువాడు 30 గుడ్ల ట్రే లెక్కన ఇస్తాడు. కొత్తిమీర కట్ట చలికాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. ఇవేవీ సాఫ్ట్‌వేర్‌కు వాటంతట అవి తెలియవు.

ఈ సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి వచ్చేవాళ్ళ మీద నాకు కోపం ఉంది. ఒకాయన మా షాపులో కూర్చుని గంటసేపు పిజ్జా, పాస్తా రెసిపీలు చూపించాడు. కరివేపాకు కట్ట ఎలా రాయాలని అడిగితే పీస్ అని పెట్టేయమన్నాడు. ఉత్తరాంధ్రలో అమ్ముతూ గోంగూర కట్ట సంగతి ఆలోచించని మనిషి మన ఖర్చు ఏం తేలుస్తాడు? తరుగు మాట అయితే ఎత్తనే ఎత్తలేదు. ఫిషింగ్ హార్బర్‌లో తలతో ఉన్న రొయ్యలు కిలో కొని, వొలిచి, నరం తీసి తూస్తే మాకు అర కిలో అటూ ఇటూగా మిగిలింది. కిలో 400 పెట్టి కొంటే కూరలో పడేది కిలో 800 సరుకు. మీ ఫైల్లో తరుగు గడి లేకపోతే ఆ లెక్కను నమ్మకండి.

ఇక ఫైలు సంగతి. ముందు సాఫ్ట్‌వేర్‌లో ఒక ఐదు సరుకులు చేత్తో ఎక్కించి, వాటిని బయటికి ఎక్స్‌పోర్ట్ చేయండి. దానికి ఏ గడులు, ఏ వరసలో కావాలో అదే చూపిస్తుంది. ఆ నమూనాలోనే మీ సరుకులు నింపండి. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ఫైలును ఎక్సెల్‌లో సీఎస్‌వీ అనే రకంగా సేవ్ చేస్తాం; పేర్లు తెలుగులో రాస్తే మామూలు సీఎస్‌వీగా కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి, లేకపోతే పేర్లన్నీ ప్రశ్న గుర్తులై కూర్చుంటాయి. ప్రతి సరుకుకూ ఒక కోడ్ ఇవ్వండి. మా ఫైల్లో మినప్పప్పు, మినపప్పు, మినపగుళ్ళు అని మూడు రకాలుగా ఉంటే సాఫ్ట్‌వేర్ మూడు వేరు సరుకులుగా తీసుకుంది, కొత్త రేటు ఒకదానికే ఎక్కింది. కోడ్ 001 అని రాస్తే ఎక్సెల్ సున్నాలు తీసేసి 1 చేస్తుంది కాబట్టి అక్షరంతో మొదలుపెట్టడం మేలు. 1/2 అని కొడితే తారీఖు చేసేస్తుంది, 0.5 అని రాయండి. ఇంకో పట్టికలోంచి రేటు వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వాడితే చివర ఫాల్స్ (FALSE) పెట్టడం మరవకండి. పెట్టకపోతే దగ్గరలో ఉన్న ఏదో రేటు తెచ్చిపెడుతుంది, తప్పని ఎక్కడా చెప్పదు. మొత్తం ఎక్కించే ముందు పది వరసలతో ఒకసారి చూసుకోండి.

రేటు గడిలో జీఎస్టీ కలిపే రాయండి. ఒక అకౌంటెంట్ మాకు తీసేసి రాయమని చెప్పారు. కానీ 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్ళకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, రాదు. నూనె మీద కట్టిన పన్ను మన జేబులోంచి పోయినట్టే, అది కూర ఖర్చులో పడాల్సిందే.

రేటు పక్కన తారీఖు గడి కూడా ఉండాలి. 2024 సెప్టెంబర్ 14న వంటనూనెల దిగుమతి సుంకం పెంచిన వారంలోనే మా టిన్ను రేటు మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, ఆ రోజుల్లో వంజరం రేటు మార్చి రేటుతో చూసుకుంటే మునిగిపోతాం. ఆ రెండు నెలలూ మేము చేపల పులుసు ధర బోర్డు మీద రాయం, ఆ పూట కొన్న రేటును బట్టి చెబుతాం.

మీరు 300 సరుకులన్నారు గానీ, మా ఖర్చులో ముప్పావు వంతు ఒక 20 సరుకులదే. నూనె, బియ్యం, పప్పులు, చికెన్, చేపలు, ఉల్లి, టమాటా, గ్యాస్. ఈ 20 మాత్రం ప్రతి సోమవారం కొత్త రేట్లతో ఎక్కిస్తాను. కూరగాయలకు రైతు బజార్ బోర్డు ఫోటో తీసుకుంటాను. మిరియాలు, జాజికాయ లాంటివి మూడు నెలలకోసారి చూసినా చాలు.

ఇప్పుడు మా షాపుకు కొత్త ప్యాకింగ్ ఏది వచ్చినా మాస్టరే కాటా మీద పెడతారు. అంకె ఆయన చెబుతారు, నేను ఫైల్లో రాస్తాను. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.