ముక్కల పాట దొంగ పాటేనా?

ప్రశ్న: కెనడా స్వరకర్త జాన్ ఓస్వాల్డ్ చేసిన ‘ప్లండర్‌ఫోనిక్’ ఆల్బమ్ వినమని, అక్కడ చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు పంపాడు. మైఖేల్ జాక్సన్ పాటని కత్తిరించి కుప్ప పోసినట్టుంది. ఇది సంగీతమేనా, దొంగతనమా? మా నాన్నగారు రేడియోలోంచి రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వాటితో నేనూ ఇలాంటిది చేయొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సంగీతమే, నాకు ఏ అనుమానమూ లేదు. మీరు చెప్పిన ఆ పాట పేరు ‘డ్యాబ్’, అంటే జాక్సన్ పాట ‘బ్యాడ్’ పేరుని ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే వచ్చేది. మొదటిసారి విన్నప్పుడు సీడీ గీతలు పడి ఇరుక్కుపోయిందేమో అనుకున్నాను. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక అర్థమైంది, జాక్సన్ ఊపిరి, అరుపు, డ్రమ్ము దెబ్బ ఒక్కోటీ విడదీసి వాటితోనే ఓస్వాల్డ్ కొత్త తాళం కట్టాడు, పోనుపోను ఆ గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని మేఘంలా కమ్ముకుంటాయి. అదే ఆల్బమ్‌లో అమెరికన్ గాయని డాలీ పార్టన్ పాట ఒకటుంది, తప్పకుండా వినండి. ఓస్వాల్డ్ చేసింది ముఖ్యంగా వేగం మార్చడమే. కీచుమంటూ పరిగెత్తే గొంతు మెల్లగా దిగుతూ దిగుతూ మామూలు డాలీ అయి, ఇంకా దిగి, చివరికి మగ గొంతైపోతుంది. ఒక మనిషి మన చెవి ముందే మరో మనిషిగా మారిపోతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

దొంగతనం సంగతి. ఓస్వాల్డ్ ఏదీ దాచలేదు. ఏ ముక్క ఎక్కడి నుంచి తీసుకున్నాడో రాసిపెట్టాడు, 1989లో వెయ్యి కాపీలు వేయించి ఒక్కటీ అమ్మకుండా రేడియో స్టేషన్లకీ లైబ్రరీలకీ ఉచితంగా పంచాడు. అయినా కెనడా రికార్డింగ్ కంపెనీల సంఘం కేసు పెడతామంది, మిగిలిన కాపీలు నాశనం చేయక తప్పలేదు. అట్ట మీద జాక్సన్ తలని నగ్నంగా ఉన్న ఆడమనిషి ఒంటికి అతికించడం కోపం పెంచే ఉంటుంది, అది లేకపోయినా బాగుండేది. కానీ డబ్బు తీసుకోకుండా, పేర్లు చెప్పి చేసిన పనిని అలా తుడిచేయడం అన్యాయమనే నా అభిప్రాయం. రికార్డు చేసిన చప్పుళ్లతో సంగీతం కట్టే ఈ విద్య కొత్తదేమీ కాదు, 1948లోనే పారిస్‌లో ఫ్రెంచి రేడియో ఇంజనీరు పియర్ షేఫర్ రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని అతికి ఒక రచన చేశాడు.

ఇక మీ క్యాసెట్లు. ముందు ఎడిటింగ్ మాట మర్చిపోండి, వాటిని కాపాడుకోండి. టేపు వదులుగా ఉంటే పెన్సిల్ పెట్టి తిప్పి బిగించండి, ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి, ఆ తర్వాత ఒక్కో వైపూ ఆపకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించండి, దానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. పాటల మీదే దృష్టి పెట్టొద్దు. రికార్డు బటన్ నొక్కిన టక్కుమనే చప్పుడు, స్టేషన్ కుదరక వచ్చే గరగర, అనౌన్సర్ మాట సగంలో తెగిపోవడం, వెనక ఎవరో దగ్గడం, ఇవన్నీ మీ ఇంట్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకవు. అలాంటివి ఓ ఇరవై ఏరుకుని మొదలుపెట్టండి.

ఇంట్లో వినడానికి చేసుకుంటే టెన్షన్ అక్కర్లేదు. బయట పెట్టాలంటే మాత్రం జాగ్రత్త. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన సంవత్సరం దాటాక 60 ఏళ్లు ఉంటుంది, పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులు వేరు, అవి వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తాయి. అందుకే సినిమా పాటల్ని పక్కన పెట్టి ఆ దగ్గుతో, ఆ గరగరతో మొదటి రెండు నిమిషాలు చేసి చూడండి. నాన్నగారు ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఏ క్యాసెట్ ఎప్పటిదో అడిగి రాసుకోండి, ఆ మాటలు కూడా రికార్డు చేయండి.