లైసెన్సు చేతికొచ్చాక మళ్ళీ ట్రైనింగ్ ఎందుకు?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, అందరికీ గ్రీన్‌కార్డు ఉంది. మా అబ్బాయికి 23 ఏళ్ళు. నాలుగు వారాలు ట్రక్ డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి క్లాస్ ఎ సీడీఎల్ (పెద్ద ట్రైలరు ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు) తెచ్చుకున్నాడు. ఒక పెద్ద కంపెనీ పిలిచింది. సొంతంగా ట్రక్కు ఇచ్చే ముందు ఆరు వారాలు ఇంకో డ్రైవర్‌తో కలిసి తిరగాలట, అంతవరకు ఇంటికి రావడం కుదరదట, జీతం కూడా తక్కువేనట. లైసెన్సు ఉన్నవాడికి మళ్ళీ ఈ ట్రైనింగేమిటి? ఇందులో మోసం ఏమైనా ఉందా?

జవాబు: మోసం కాదండీ. కొత్తవాళ్ళని తీసుకునే పెద్ద కంపెనీలు చాలావరకు ఇలాగే చేస్తాయి. కారణం స్కూలు చదువులోనే ఉంది. 2022 ఫిబ్రవరి 7 నుంచి అమెరికాలో కొత్తగా సీడీఎల్ తీసుకునేవాళ్ళకి శిక్షణ తప్పనిసరి అయింది. థియరీలో కనీసం 80 శాతం రావాలి, యార్డులోనూ రోడ్డు మీదా నడిపి చూపించాలి. అయితే స్టీరింగ్ ముందు ఎన్ని గంటలు కూర్చోవాలన్నది ఆ రూలులో లేదు. ఇన్‌స్ట్రక్టరుకి నమ్మకం కుదిరితే సరిపోతుంది. ఒక ట్రక్కుకి నలుగురు స్టూడెంట్లు ఉన్న స్కూల్లో ఒక్కొక్కరి వంతుకి ఎంత వస్తుందో మీరే లెక్కేయండి. పైగా స్కూల్లో ఎక్కువగా ఖాళీ ట్రైలరే లాగుతారు. నిండుగా 80,000 పౌండ్లున్న ట్రక్కు తీరే వేరు. 55 మైళ్ళ వేగంలో ఉన్నది ఆగాలంటే పొడి రోడ్డు మీద కూడా 400 అడుగులు దాటుతుంది. స్కూలు పరీక్ష గట్టెక్కిస్తుంది, పని నేర్పేది మాత్రం ఈ ఆరు వారాలే. అయితే ఇదే సమయంలో కంపెనీకీ ట్రైనరుకీ కూడా మీవాడి వల్ల లాభం ఉంటుంది. ఎక్కడ నేర్చుకుంటున్నాడో, ఎక్కడ ఊరికే వాడుకుంటున్నారో తేడా తెలిసుండాలి.

ముందు సంతకం పెట్టే కాగితం చూడండి. స్కూలు ఫీజు కంపెనీ కట్టినా, తర్వాత నెలనెలా తిరిగిస్తానన్నా, సాధారణంగా ఒక ఏడాది పనిచేయాలన్న షరతు ఉంటుంది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, పనిచేసిన నెలలకి ఆ మొత్తం తగ్గుతుందా లేక ఆఖరి రోజు వరకు మొత్తం బాకీ అలాగే ఉంటుందా అని అడగండి. దానికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది, చాలామంది అడగరు: కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా? చిన్న యాక్సిడెంట్‌కి ఉద్యోగం పోయి, పైన ఫీజు బాకీ మిగిలినవాళ్ళు ఉంటారు.

మొదటి వారం ఓరియెంటేషన్. రెండు మూడు రోజుల నుంచి వారం దాకా ఉంటుంది. కాగితాలు, డీఓటీ (ఫెడరల్ రవాణా శాఖ) మెడికల్, డ్రగ్ టెస్టు, చిన్న రోడ్డు టెస్టు. కొన్ని కంపెనీలు మూత్రంతో పాటు జుట్టు కూడా పరీక్షిస్తాయి. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే అయినా ట్రక్ డ్రైవర్‌కి ఫెడరల్ రూలు ప్రకారం నిషిద్ధం. డీఓటీ మూత్ర పరీక్షలో ఫెయిలైతే క్లియరింగ్‌హౌస్ అనే జాతీయ రికార్డులోకి ఎక్కుతుంది. 2024 నవంబరు 18 నుంచి అలాంటివాళ్ళ సీడీఎల్‌ని రాష్ట్రమే వెనక్కి తీసుకోవాలి. ఇంకో కంపెనీకి వెళ్ళి దాచిపెట్టడం కుదరదు. మెడికల్ కార్డు మామూలుగా రెండేళ్ళకిస్తారు, బీపీ 140/90 దాటితే ఏడాదికే ఇవ్వొచ్చు. ఇంగ్లిషు సంగతి కూడా చెప్పాలి. 2025 జూన్ 25 నుంచి రోడ్డు మీద ఇన్‌స్పెక్టరు అడిగినదానికి ఇంగ్లిషులో జవాబు చెప్పలేకపోయినా, రోడ్డు బోర్డులు అర్థం చేసుకోలేకపోయినా డ్రైవర్‌ని అక్కడికక్కడే ఆపేస్తున్నారు. అమెరికాలో పెరిగిన పిల్లాడికి ఇబ్బంది ఉండదు. ఈమధ్యే వచ్చినవాడైతే "ఎక్కడి నుంచి వస్తున్నావు, లోడు ఏమిటి, ఎన్ని గంటలైంది" లాంటి ప్రశ్నలకి జవాబులు పైకి చెప్పి సాధన చేసుకోవాలి.

ఇక అసలు భాగం, ట్రైనరుతో ప్రయాణం. కంపెనీని బట్టి మూడు నుంచి ఎనిమిది వారాలు. ఒకే క్యాబిన్, ఒకదాని మీద ఒకటి రెండు బెర్తులు. సిగరెట్ అలవాటు, ఏసీ, కుక్క, నిద్ర వేళలు ఇవన్నీ ఎక్కే ముందే మాట్లాడుకోవాలి. ట్రైనరుకి ఎన్నేళ్ళ అనుభవం ఉందో అడగడం తప్పు కాదు. ఏడాది కూడా సొంతంగా నడపనివాళ్ళని ట్రైనర్లుగా పెట్టే కంపెనీలు ఉన్నాయి. ట్రైనరుని మార్చమని ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరూ నంబరూ మొదటి రోజే రాసుకోమనండి.

ఈ వారాల్లో అన్నిటికన్నా ఎక్కువ సాధన చేయాల్సింది రివర్సు. ట్రైలరు 53 అడుగులు, మొత్తం బండి 70 అడుగుల పైనే. ట్రైలరు వెనక ఎటు పోవాలో దానికి ఎదురు వైపు స్టీరింగ్ తిప్పాలి. స్కూల్లో కోన్ల మధ్య ఇది బాగానే వచ్చేస్తుంది. నిజమైన డాక్ (సరుకు ఎక్కించే, దించే చోటు) దగ్గర అటొక ట్రక్కు, ఇటొక ట్రక్కు, వెనక హారన్ కొట్టేవాళ్ళు ఉంటారు. కొత్తవాళ్ళ మొదటి యాక్సిడెంట్ హైవే మీద కన్నా ట్రక్ స్టాపులో, రాత్రిపూట, ఆగున్న ట్రక్కు మూలని గీరడంగా రావడమే ఎక్కువ. దానికి మందు ఒకటే, దిగి చూడడం. అనుమానం వస్తే దిగాలి, కొంచెం కదిలాక మళ్ళీ దిగాలి. ముందుకి లాగి సరిచేసుకుంటే నలుగురూ నవ్వుతారేమో అని సిగ్గుపడేవాళ్ళే గుద్దుతారు. కుడి అద్దంలో ట్రైలరు వెనక భాగం కనబడని వైపు, అంటే ప్రయాణికుడి వైపు రివర్సు చేయడం వీలైనంత తప్పించుకోవాలి. చుట్టూ తిరిగి వచ్చినా పరవాలేదు. రోజుకి కనీసం రెండుసార్లు తనే రివర్సు చేస్తానని ట్రైనరుతో మొదట్లోనే చెప్పుకోవాలి. టైము పోతుందని ట్రైనరే పార్క్ చేసేస్తుంటే ఆరు వారాలు గడిచాక మీవాడికి హైవే మీద తిన్నగా పోవడం ఒక్కటే వస్తుంది.

రెండోది ట్రైలరు తగిలించడం. తగిలించాక ముందుకి లాగి చూస్తే పట్టుకున్నట్టే అనిపిస్తుంది, అది నమ్మకూడదు. ట్రైలరు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంటే కింగ్‌పిన్ (ట్రైలరు కింద ఉండే లావు పిన్ను) ఫిఫ్త్‌వీల్ (దాన్ని పట్టుకునే ట్రక్కు మీది ప్లేటు) దవడల్లో పడకుండా పైనే కూర్చుంటుంది. టార్చి పట్టుకుని కిందకి వంగి, ప్లేట్ల మధ్య సందు లేదని, దవడలు పిన్ను మెడ చుట్టూ మూసుకున్నాయని కంటితో చూడాలి. విడదీసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు రెండు: ట్రైలరుని నిలబెట్టే ముందు కాళ్ళు దించడం మర్చిపోతే ట్రైలరు ముక్కు నేలకి కొడుతుంది, గాలి గొట్టాలు తీయడం మర్చిపోతే అవి తెగిపోతాయి.

మూడోది బరువు. స్కూల్లో దాదాపు చెప్పరు. మొత్తం 80,000 పౌండ్లు దాటకూడదు, అది అందరికీ తెలుసు. ట్రాక్టరు (ట్రైలరుని లాగే ముందు బండి) వెనక ఇరుసుల జత మీద 34,000, ట్రైలరు ఇరుసుల జత మీద 34,000 మించకూడదన్నది కూడా అంతే ముఖ్యం. ముందు ఇరుసు మీద సాధారణంగా 12,000 దాకా. కాటాలో ముందు ఇరుసు 11,800, ట్రాక్టరు ఇరుసులు 34,900, ట్రైలరు ఇరుసులు 31,200 వచ్చాయనుకోండి. మొత్తం 77,900, బాగానే ఉంది, కానీ ట్రాక్టరు ఇరుసుల మీద 900 ఎక్కువ. ట్రైలరు చక్రాలు పెట్టె కింద పట్టాల మీద జరుగుతాయి, పట్టాల రంధ్రాల్లో దిగే పిన్నులు వాటిని పట్టి ఉంచుతాయి. ఆ చక్రాలని ముందుకి జరిపితే ఆ బరువు ట్రైలరు ఇరుసుల మీదకి వెళ్తుంది. ఒక్కో రంధ్రానికి సుమారు 250 పౌండ్లు అనుకుంటే (రంధ్రాల మధ్య దూరాన్ని బట్టి 400 దాకా ఉంటుంది) నాలుగు రంధ్రాలు జరిపితే 33,900, 32,200 అవుతాయి. పిన్నులు విడిపించి, ట్రైలరు బ్రేకులు వేసి ఉంచి, ట్రాక్టరుని వెనక్కి నడపాలి. చక్రాలు నిలబడే ఉంటాయి, పైన పెట్టె వెనక్కి జరుగుతుంది. తర్వాత పిన్నులన్నీ రంధ్రాల్లో పూర్తిగా బయటికి వచ్చాయో లేదో దిగి చూసి తీరాలి. ఒక్కటి పడకపోయినా గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెట్టె జారిపోతుంది. కాలిఫోర్నియాలో కింగ్‌పిన్ నుంచి ఆఖరి ఇరుసుకి 40 అడుగులు దాటకూడదన్న రూలు వేరే ఉంది.

గడియారం మరో తలనొప్పి. పది గంటల విశ్రాంతి తర్వాత పని మొదలుపెడితే 14 గంటల గడియారం కదులుతుంది. దాని లోపలే 11 గంటలు నడపొచ్చు. భోజనానికి ఆగినా, డాక్ దగ్గర మూడు గంటలు కాచుకున్నా 14 గంటలు ఆగవు. మొత్తం 8 గంటలు నడిపేసరికి అరగంట విరామం తప్పదు. ఎనిమిది రోజుల్లో 70 గంటలు పై హద్దు, వరసగా 34 గంటలు సెలవు తీసుకుంటే ఆ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు. ట్రక్కులో గంటలు నమోదుచేసే ఎలక్ట్రానిక్ లాగ్ ఇదంతా తనే లెక్కేస్తుంది. ఎక్కడ ఆగాలన్నది మాత్రం మనిషే ముందు ఆలోచించాలి. సాయంత్రం ఏడు దాటాక ట్రక్ స్టాపుల్లో చోటు దొరకడం కష్టం కాబట్టి, గంటలు మిగిలున్నా ముందే ఆగడం నేర్చుకోవాలి.

ఇప్పుడు వాడుకునే సంగతి. చాలా చోట్ల సగం ట్రైనింగ్ అయ్యాక "టీమ్" అంటారు. ఒకరు నిద్రపోతుంటే ఒకరు నడుపుతారు, బండి రోజంతా తిరుగుతుంది. ఆ మైళ్ళన్నిటికీ ట్రైనరుకి డబ్బు వచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. సీడీఎల్ ఉన్నవాడు నడుపుతుంటే ట్రైనరు పడుకోవడం చట్టవిరుద్ధం కాదు. ఇంకా లెర్నర్ పర్మిట్ మీదే ఉన్నవాడికైతే సీడీఎల్ ఉన్న మనిషి ముందు సీట్లో ఉండాల్సిందే. చట్టం ఒప్పుకున్నా మొదటి రెండు వారాలు ట్రైనరు పక్కన మెలకువగా కూర్చోకపోతే అది ట్రైనింగ్ కాదు. కదిలే బండిలో మొదటి కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. అలసిపోయి నడపడం ఫెడరల్ రూలుకే వ్యతిరేకం. "నిద్ర లేదు, నడపలేను" అని ట్రక్కులోని టాబ్లెట్ నుంచే డిస్పాచర్‌కి (లోడ్లు అప్పగించే కంపెనీ మనిషికి) రాసి పంపాలి, నోటిమాట సాక్ష్యం కాదు. అలా చెప్పినందుకు శిక్షిస్తే ఓషాకి (కార్మికుల భద్రత చూసే ఫెడరల్ సంస్థకి) 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు.

జీతం ట్రైనింగ్‌లో వారానికింత అని ఇస్తారు, తర్వాత మైలుకింత. ఆ మైళ్ళు సాధారణంగా కంపెనీ పటం లెక్క, ఓడోమీటరు చూపించేదానికన్నా కొంచెం తక్కువే వస్తాయి. రాష్ట్రాలు దాటి నడిపే డ్రైవర్లకి ఫెడరల్ ఓవర్‌టైమ్ చట్టం వర్తించదు. డాక్ దగ్గర కాచుకున్న గంటలకి ఎప్పటినుంచి ఇస్తారో, ఎంతిస్తారో రాతలో తీసుకోండి.

ఆఖర్లో కంపెనీ మళ్ళీ రోడ్డు టెస్టు, రివర్సు టెస్టు పెడుతుంది. రివర్సు ఇంకా రాలేదనిపిస్తే ఇంకో వారం ట్రైనింగ్ అడగమనండి. జీతం తక్కువ వస్తుందని తొందరపడి సొంత ట్రక్కు ఎక్కితే నష్టపోయేది వాడే. మొదటి ఏడాది రికార్డు శుభ్రంగా ఉంటేనే రెండో ఏడాది మంచి కంపెనీ తలుపు తీస్తుంది, నివారించగలిగిన యాక్సిడెంట్ అని ఒక్కటి రాసినా అడిగేవాళ్ళు తగ్గిపోతారు.

మీ వైపు నుంచి ఒకటి. నడుపుతున్నప్పుడు ఫోను చేతిలో పట్టుకోవడం కమర్షియల్ డ్రైవర్లకి ఫెడరల్ నిషేధం, దొరికితే జరిమానా పడుతుంది, లైసెన్సు మీద మచ్చ కూడా పడుతుంది. మీరు ఫోన్ చేస్తే ఎత్తకపోతే కంగారుపడకండి. అరగంట విరామంలో తనే చేస్తాడని ముందే అనుకోండి, వాళ్ళమ్మగారికి కూడా చెప్పండి.